నేటివ్ మొక్కల నర్సరీలో వాలంటీర్‌గా చేసినవాళ్లు ఉన్నారా? (బే ఏరియా)

ఫ్రీమాంట్ కోడలు:
హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద ఇంట్లో కూర్చుని పిచ్చెక్కుతోందండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రెసిడియో నర్సరీకి వాలంటీర్లు వెళ్తారని విన్నాను, అక్కడి కొండల మీద ఒకప్పుడున్న మొక్కల్నే గింజ నుంచి పెంచి మళ్లీ అక్కడే నాటుతారట. నాకు తెలిసిన వ్యవసాయం కుండీలో కరివేపాకు వరకే, అదీ రెండుసార్లు చచ్చింది. మా అత్తయ్య పొన్నూరు నుంచి వచ్చారు, తమలపాకు తోట చేసిన మనిషి, ఇంగ్లిష్ రాదు. ఇద్దరం వెళ్లొచ్చా? ఏం పని చేయిస్తారు? వీసాకి ఇబ్బందా?

మట్టిచేతులు:
నేను రెండేళ్లుగా వెళ్తున్నాను (మీరన్న నర్సరీ కాదు, ఇంకోటి). మొదటి రోజే మొక్కలు నాటిస్తారని మాత్రం వెళ్లకండి. ముందు చెప్పులు, బూట్లు తోమి అడుగున ఆల్కహాల్ కొట్టిస్తారు, తర్వాత వాడిన కుండీలు కడిగిస్తారు, గంటలకొద్దీ. నీళ్ల పైపు కొస నేలకి తగిలినా ఊరుకోరు. నాకు మొదట్లో ఇదేం మడి అనిపించింది. ఫైటోఫ్తోరా అని వేళ్లు కుళ్లబెట్టే తెగులు, నర్సరీ మొక్కతో పాటు అడవిలోకి పోతే ఇక దాన్ని తీయలేం, అమెరికాలో అంతకుముందు కనిపించని ఒక రకం 2012లో కాలిఫోర్నియా నర్సరీలోనే బయటపడింది. మీ అత్తయ్యకి ఇంత చెప్పక్కర్లేదు, తమలపాకు తోటల్ని ఎండబెట్టేదీ ఈ జాతిదే, ఆవిడే మీకు చెప్తారు.

వానలు పడకముందు గింజల పని బాగుంటుంది. ఓక్ కాయల్ని బకెట్ నీళ్లలో వేసి తేలినవి పారేస్తాం, మునిగినవే నాటుతాం. లూపిన్ అనే పూలమొక్క గింజల పైతోలు గట్టిది, గరుకు కాగితంతో రుద్దాలి. మిషన్ బ్లూ అనే చిన్న నీలం సీతాకోకచిలుక గుడ్లు పెట్టేది ఆ లూపిన్‌ల మీదే, అవి లేకపోతే అదీ లేదు. నారు తీసి కుండీల్లోకి మార్చడానికి ఇంగ్లిష్ ఎందుకండీ, చేతులు చాలు.

పేపర్‌వర్క్ బాబాయ్:
జీతం గానీ దానికి బదులు ఇంకేదైనా గానీ తీసుకోకుండా, ఛారిటీ సంస్థలో అందరూ ఊరికే చేసే పనే అయితే హెచ్4 వాళ్లకి మామూలుగా ఇబ్బంది ఉండదమ్మా. మీ అత్తగారిది విజిటర్ వీసా కదా, వారం వారం డ్యూటీలా పెట్టుకునేముందు లాయర్‌ని అడగండి. ఊరి నుంచి తెచ్చిన గింజలుంటే అక్కడికి మాత్రం పట్టుకెళ్లకండి.

ఫ్రీమాంట్ కోడలు:
వెళ్లొచ్చాం! నాలుగు గంటలు కుండీలే కడిగాం, నడుం పోయింది. అత్తయ్య మాత్రం అక్కడి సేజ్‌బ్రష్ ఆకు నలిపి వాసన చూసి "ఇది మాచిపత్రే" అని ఒకటే సంబరం. వినాయక చవితికి రెండు రెమ్మలు తెంపుకోవచ్చా అని అడగమంటున్నారు, నాకు సిగ్గేస్తోంది.

మట్టిచేతులు:
చుట్టమే లెండి, రెండూ ఒకే జాతి. తెంపొద్దు మాత్రం, అది నేషనల్ పార్కు, ఆకు కోసినా తప్పే. నేటివ్ మొక్కలు అమ్మే చోట ఒకటి కొనుక్కుని బాల్కనీలో పెట్టండి, నీళ్లు ఎక్కువ పోయకండి. మీ కరివేపాకు దానివల్లే పోయిందేమో.