నీటి చార్జీ పెంచితే కొత్త ట్యాంకు వస్తుందా?

నీటిబిందె:

సాగర్ కాలువ మీద బతికే ఊరు మాది. జనాభా దాదాపు 80 వేలు. కుళాయి నాలుగు రోజులకోసారి, అదీ ముప్పావు గంట. కిందకి ఉంటేనే నీళ్లు అందుతాయని మా వీధిలో అందరూ ఇంటి ముందు కుళాయి గుంత తవ్వించారు. మాది ఇప్పుడు మూడడుగుల లోతు. నేను డ్యూటీకి వెళ్లిన రోజు 68 ఏళ్ల మా అత్తగారే అందులోకి దిగి బిందె ఎత్తాలి. పోయిన వారం కాలు జారి మోకాలు వాచింది.

ఇప్పుడు రెండో సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు, కొత్త కాలనీలకు పైపులైన్లు అంటున్నారు. అందుకోసం చార్జీ నెలకు 100 నుంచి 200 చేస్తారట. కట్టడానికి నాకు అభ్యంతరం లేదు, ట్యాంకర్లకే అంతకు మించి పోస్తున్నాం. కానీ ట్యాంకు నిజంగా ఈ డబ్బుతోనే కడతారా? వార్డు మీటింగులో ఏం అడగాలి?

రిటైర్డ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్):

అమ్మా, ముందు అత్తగారిని గుంతలోకి దిగనివ్వకండి. నీళ్లు ఆగినప్పుడు ఖాళీ పైపు గుంతలోని మురికిని లోపలికి లాగుతుంది. జారిపడటం ఒక్కటే కాదు, రోగాల భయమూ ఉంది.

మీ వంద రూపాయలతో ట్యాంకు కట్టరు. 2021లో కేంద్రం పట్టణాల నీటి కోసం పెట్టిన అమృత్ 2.0 నియమాల ప్రకారం లక్ష లోపు జనాభా ఉన్న ఊళ్లకు పథకం ఖర్చులో సగం కేంద్రానిది, మిగతాది రాష్ట్రం, మున్సిపాలిటీ చూసుకోవాలి. కేంద్రం వాటా కూడా 20, 40, 40 శాతం చొప్పున మూడు విడతల్లో వస్తుంది. ఇదంతా కట్టడానికి. కట్టాక మోటార్ల కరెంటు బిల్లు, ఆలం (పటిక), క్లోరిన్, ఫిట్టర్ల జీతాలు ఎవరిస్తారు? మీ చార్జీ అందుకు. కొత్త లైన్లు పడ్డాక పథకాలు కుంటుపడేది ఇక్కడే.

మీటింగులో ఒక్క ప్రశ్న గట్టిగా పట్టుకోండి: ఫిల్టర్ ప్లాంట్ నుంచి రోజుకు ఎన్ని లీటర్లు బయటికి వెళ్తున్నాయి? భూగర్భ డ్రైనేజీ ఉన్న ఊళ్లో మనిషికి 135 లీటర్లు, లేని ఊళ్లో 70 అని మా రోజుల్లో లెక్క. 70 ప్రకారం మీకు రోజుకు 56 లక్షల లీటర్లు చాలు. ప్లాంట్ నుంచి వెళ్లే మొత్తం నీటిని కొలిచే బల్క్ మీటర్ చూపించమనండి. మీటర్ పనిచేయకపోతే పంపు తిరిగిన గంటల్ని బట్టి రిజిస్టర్‌లో అంకె వేస్తారు. నేనూ ఏళ్ల తరబడి అలాగే వేశాను, ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది.

ఒక ఊళ్లో ఓవర్‌హెడ్ ట్యాంకు తెల్లారేసరికి సగమే నిండేది. ఫిట్టరూ నేనూ రాత్రి రెండింటికి మెయిన్ లైను వెంట నడిచాం. అతను ఇనుప కడ్డీ ఒక కొస వాల్వ్ మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకునేవాడు. కల్వర్టు దగ్గర ఆగి కడ్డీ నా చేతికిచ్చాడు. లోపల సన్నగా బుస. పైన నేల పొడిగా ఉంది, కింద పాత ఏసీ (ఆస్బెస్టాస్ సిమెంట్) పైపు జాయింట్ లోంచి నీళ్లన్నీ మురుగుకాలువలోకి. ఆ జాయింట్ మార్చడం ఒక పూట పని. మర్నాడు ట్యాంకు నిండింది. కొత్త ట్యాంకు వద్దని నేను అనను, కాలువకు నీళ్లు ఆపేసిన నెలల్లో అదే దిక్కు. కానీ పాత లైను కారుతూనే ఉంటే దానికి ఎన్ని నీళ్లు పోసినా చాలవు.

హుబ్బళ్లి వాసి:

మాది అనంతపురం, ఇక్కడ స్థిరపడ్డాం. ప్రపంచ బ్యాంకు సాయంతో కర్ణాటకలోని హుబ్బళ్లి-ధార్వాడ్, బెళగావి, కలబురగిల్లో 2008 ప్రాంతంలో కొన్ని వార్డులకు 24 గంటల నీళ్లిచ్చారు. పాత పైపుల స్థానంలో కొత్తవి వేసి, ఇంటింటికీ మీటర్ పెట్టారు. అక్కా, ఊరంతా ఒకేసారి అంటే కష్టం. మీ వార్డుతో మొదలుపెట్టమని అడగండి.

అకౌంట్స్ మాస్టారు:

మున్సిపాలిటీ వాటాకు డబ్బు లేదంటారు కదా, చిన్న ఊళ్లకు అప్పు పుట్టదనుకోకండి. 2002లో తమిళనాడులో 13 చిన్న పట్టణ సంస్థల నీరు, పారిశుద్ధ్య పనుల కోసం అన్నిటికీ కలిపి 30.41 కోట్ల రూపాయల బాండ్లు తెచ్చారు. అంత చిన్న ఊళ్లను విడివిడిగా ఎవరూ నమ్మరు, కలిపితే నమ్మారు. తీర్చే డబ్బు ముందే ప్రత్యేక ఖాతాలో పడేలా కట్టుబాటు పెట్టుకున్నారు. మీరూ అదే అడగండి. పెంచే 100 రూపాయలు జనరల్ ఫండ్‌లో కలిపేయకుండా నీటి ఖాతాలోనే ఉంచాలి, మూడు నెలలకోసారి లెక్క నోటీసు బోర్డు మీద పెట్టాలి.

నీటిబిందె:

అందరికీ థాంక్స్ అండీ. నిన్న నలుగురు ఆడవాళ్లం ప్లాంట్‌కి వెళ్లి చూశాం. బల్క్ మీటర్ ఉంది, అద్దం లోపల చెమ్మ పట్టి అంకెలు కదలట్లేదు. కొత్త పథకంలో మారుస్తామన్నారు. అప్పటిదాకా ఆగం. ముందు మీటర్, నీటికి వేరే ఖాతా అని అర్జీ రాశాం, 46 సంతకాలయ్యాయి. శుక్రవారం మీటింగులో ఇస్తున్నాం. ఏఈ గారూ, ఆ కడ్డీ పని తెలిసిన ఫిట్టర్ మా వైపు ఎవరైనా ఉంటే చెప్పండి.