1991 మియాటా ఇంజన్: ఏ విడిభాగాలు కంపెనీవి కొనాలి, ఏవి బయటివి సరిపోతాయి?

డాలస్ నుంచి (ప్రశ్న):
అందరికీ నమస్కారం. మూడు నెలల క్రితం 1991 మోడల్ మజ్దా మియాటా కొన్నాను. 1.6 లీటర్ల ఇంజన్, 1,18,000 మైళ్లు తిరిగింది. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. ఇంజన్‌కీ గేర్ బాక్సుకీ మధ్య నుంచి ఆయిలు చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఆపిన తర్వాత కాస్త కూలెంట్ వాసన కూడా వస్తోంది. దగ్గర్లోని ఒక వర్క్‌షాపులో చూపిస్తే, క్రాంక్ (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు) వెనక సీలు, అంటే ఆయిలు కారకుండా ఆపే రబ్బరు వలయం, పోయింది, గేర్ బాక్సు దించాలి, 1,400 డాలర్లు అవుతుందన్నారు. అంత పెట్టే ముందు బెల్టు, వాటర్ పంపు నేనే మార్చుకుందామని కూర్చున్నాను. తీరా చూస్తే 90 డాలర్ల కిట్టు నుంచి 350 డాలర్ల కిట్టు దాకా ఉన్నాయి. అన్నిటి మీదా "ఒరిజినల్‌కు సమానం" అనే రాసి ఉంది. ఏది నమ్మాలి? బెల్టు తెగితే ఇంజన్ మొత్తం పోతుందని చదివినప్పటి నుంచి కారు బయటికి తీయడం లేదు. శని, ఆదివారాలు సరదాగా నడుపుకోవడానికే కొన్నాను, రేసులకు కాదు.

డెట్రాయిట్ నుంచి:
ముందు ఆ భయం వదిలేయండి. ఈ 1.6 ఇంజన్‌లో, వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపించే ఆ బెల్టు తెగినా పిస్టన్లు వాల్వులకు తగలవు. బండి దారిలో ఆగిపోతుంది, తోయించుకోవాల్సి వస్తుంది, అంతే. చాలా కార్లలో ఈ సౌకర్యం లేదు. కాబట్టి కంగారుపడి చేతికందిన కిట్టు కొనేయకండి, సరైన భాగం వచ్చేదాకా ఆగవచ్చు.

బెజవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారికి విడిభాగాల కొట్టు ఉండేది. ఎవరైనా వచ్చి "ఒరిజినల్ ఉందా?" అని అడిగితే ఆయన ధర చెప్పేవారు కాదు, "పాత ముక్క తెచ్చావా?" అనేవారు. మీకూ అదే ప్రశ్న. 1991 మియాటాల్లో రెండు రకాల క్రాంక్ షాఫ్టులు వచ్చాయి. మొదట్లో వచ్చిన వాటికి ముందు కొస (దాన్నే ముక్కు అంటారు) పొట్టిగా ఉంటుంది, ఆ మోడల్ ఏడాది మధ్యలో దాన్ని పొడవు చేశారు. పెట్టె మీద "1990-93" అని ఉన్నంత మాత్రాన మీ బండికి సరిపోతుందని కాదు. కారు ముందు వంగి, టార్చి వేసి, క్రాంక్ పుల్లీ మధ్యలో పెద్ద బోల్టు చుట్టూ ఎన్ని గాళ్లు కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి. నాలుగైతే పొట్టిది, ఎనిమిదైతే పొడవుది. అలాగే ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆ పుల్లీ తిన్నగా తిరుగుతోందా, ఊగుతోందా చూడండి. చేతులు, చొక్కా అంచులు దూరంగా ఉంచి మాత్రమే. ఆ రెండూ చెప్పాక కొనాల్సినవి చెబుతాను.

హైదరాబాద్ నుంచి:
ఈ కారు మన దేశంలో అధికారికంగా అమ్మలేదు కాబట్టి చేత్తో ముట్టుకున్న అనుభవం నాకు లేదు. మజ్దా అంటే మాకు స్వరాజ్ మజ్దా వ్యానులే. కానీ ఆయిలు కారడం విషయంలో ఒక మాట. ఆయిలు ఎక్కడ చుక్కగా పడుతుందో అక్కడే పుడుతుందనుకోకూడదు. పై నుంచి మొదలుపెట్టి కిందికి వెతకాలి. గేర్ బాక్సు దించమన్నవారు పైన ఏమైనా తుడిచి చూశారా?

డాలస్ నుంచి:
చూడలేదండి. లిఫ్టు ఎక్కించి, కింద నుంచి చూసి చెప్పారు.
గాళ్లు నాలుగే ఉన్నాయి. పుల్లీ ఊగడం లేదు, నా కంటికి తిన్నగానే ఉంది. అంటే పొట్టి ముక్కు. ఇది చెడ్డ వార్తా?

డెట్రాయిట్ నుంచి:
చెడ్డ వార్త కాదు, జాగ్రత్తగా ఉండాల్సిన వార్త. ఈ పొట్టి క్రాంక్‌లో పుల్లీని పట్టి ఉంచే చిన్న కీ, అది కూర్చునే గాడి బలహీనం. ఎవరో ఒకరు బెల్టు మార్చి, మధ్య బోల్టును సరిగ్గా బిగించకపోతే కీ కొంచెం కొంచెంగా కదిలి గాడిని వెడల్పు చేస్తుంది. అప్పుడు టైమింగ్ వెనక్కి జారుతుంది, బండిలో సత్తువ తగ్గుతుంది, పుల్లీ ఊగడం మొదలవుతుంది. మీది ఊగడం లేదంటే ఇప్పటిదాకా ఎవరూ పాడు చేయలేదన్నమాట. ఆ పని మీరు చేయకుండా ఉంటే చాలు.

ఇక కొనే సంగతి. నేను డబ్బు రెండు చోట్ల పెడతాను: రబ్బరు మీద, బేరింగుల మీద. తక్కినవాటి మీద పిసినారినే.

క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) సీళ్లు రెండు, క్రాంక్ ముందు సీలు, మధ్య బోల్టు, కీ. ఈ ఐదూ మజ్దా డీలరు దగ్గరే తీసుకోండి. సీలు పెదవి కాస్త గట్టిగా ఉన్నా, కీ కొలత వెంట్రుకవాసి తేడా వచ్చినా మళ్లీ అదంతా విప్పాలి. క్రాంక్ సీలు మార్చాలంటే ఆ మధ్య బోల్టు విప్పక తప్పదు, విప్పాక పాత బోల్టునే తిరిగి పెట్టే పొదుపు వద్దు. బిగించేటప్పుడు గాలి తుపాకీని (గాలితో నడిచే ఇంపాక్ట్ రెంచిని) దగ్గరికి రానివ్వకండి. టార్క్ రెంచితో 80 నుంచి 87 ఫుట్-పౌండ్లు. పొడవు ముక్కు ఇంజన్‌కు ఇది 116 నుంచి 123. ఇంటర్నెట్‌లో ఎక్కువగా కనిపించేది ఆ రెండో లెక్కే, మీరు దాన్ని పట్టుకోకండి.

బెల్టు బయటి కంపెనీది ఫరవాలేదు. గేట్స్, మిత్సుబోషి రెండూ నేను వాడాను. బెల్టును బిగుతుగా పట్టి ఉంచే టెన్షనర్, ఐడ్లర్ చక్రాల విషయంలో మాత్రం పెట్టె మీద పేరు చూసి మోసపోకండి, బేరింగు మీద చెక్కిన పేరు చదవండి. ఎన్‌ఎస్‌కే, కోయో, ఎన్‌టీఎన్ లాంటి జపాన్ పేర్లుంటే తీసుకోండి. ఏ పేరూ లేకుండా నున్నగా ఉంటే వెనక్కి పంపేయండి. మీరు చూసిన 90 డాలర్ల కిట్టుకూ 350 డాలర్ల కిట్టుకూ అసలు తేడా దాదాపు ఇక్కడే ఉంటుంది. టెన్షనర్ స్ప్రింగు కూడా కొత్తది వేయండి. చాలా చౌక కిట్లలో అది ఉండదు.

వాటర్ పంపును తిప్పేది టైమింగ్ బెల్టు కాదు, బయటి ఆల్టర్నేటర్ బెల్టు. అయినా దాన్ని తీయాలంటే టైమింగ్ కవర్లన్నీ విప్పాలి కాబట్టి ఒకేసారి మార్చేస్తారు. ఐసిన్‌ది తీసుకోండి.

సియాటిల్ నుంచి:
అన్నయ్యా, నేను కొంచెం అడ్డుపడతాను. ఇంత కష్టపడి పొట్టి ముక్కు ఇంజన్‌ను కాపాడటం దేనికి? 1994 తర్వాతి 1.8 ఇంజన్ దొరికితే అదే వేసేయవచ్చు కదా. నేను అలాగే చేశాను. 115 చిల్లర హార్స్ పవర్ కాస్తా 128 అయింది.

డెట్రాయిట్ నుంచి:
తమ్ముడూ, వేయవచ్చు. ఆయనకు అది ఎందుకో చెప్పు. క్లచ్చి పలక 200 మిల్లీమీటర్ల నుంచి 215కు మారుతుంది, దానితో ఫ్లైవీలు మారుతుంది, గాలి కొలిచే మీటరు గొడవ వేరే. ఊగని పుల్లీ ఉన్న ఇంజన్‌ను పారేయడం, పళ్లు తోముకోవడానికి బద్ధకించి కట్టుడు పళ్లు పెట్టించుకున్నట్టు ఉంటుంది. ఒకవేళ విప్పాక గాడి కాస్త వెడల్పయిందని తేలితే, కొత్త కీ పెట్టి లాక్‌టైట్ 660 అనే లోహపు జిగురుతో ఖాళీ నింపే పద్ధతి ఉంది. అలా బతికించిన ఇంజన్లు చాలా ఏళ్లుగా తిరుగుతున్నాయి. గాడి మరీ ఛిద్రమైతే అప్పుడు నీ మాటే వింటాం.

డాలస్ నుంచి:
ధన్యవాదాలండి. వెనక కారే ఆయిలు సంగతి? 1,400 డాలర్లు తప్పదా?

డెట్రాయిట్ నుంచి:
హైదరాబాద్ వారు చెప్పిందే సరైన దారి. ఈ ఇంజన్ పై భాగమైన హెడ్డు వెనక, ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య గోడ) పక్కన, క్యామ్ ఎంత తిరిగిందో కంప్యూటర్‌కు చెప్పే క్యామ్ యాంగిల్ సెన్సార్ ఉంటుంది. దాని చుట్టూ ఒక ఓ-రింగు. ముప్పయ్యేళ్లకు అది బిగుసుకుపోయి ప్లాస్టిక్ గాజులా తయారవుతుంది. అక్కడ కారిన ఆయిలు ఇంజన్ వీపు మీదుగా జారి, సరిగ్గా గేర్ బాక్సు అతుకు దగ్గర చుక్కగా పడుతుంది. కింద నుంచి చూసినవారికి అది వెనక సీలులాగే కనిపిస్తుంది. ఈ పొరపాటు మియాటా వాళ్లలో చాలామందికి ఎదురయ్యేదే.

డిగ్రీజర్‌తో ఇంజన్ వెనక భాగం శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, ఇరవై మైళ్లు తిరిగి రండి. చిన్న అద్దం, టార్చి పట్టుకుని పై నుంచి చూడండి. వాల్వు కవర్ అంచు తడిగా ఉందా, సెన్సార్ కింద తడిగా ఉందా, రెండూ పొడిగా ఉండి కిందే తడిగా ఉందా. మూడోది అయితేనే గేర్ బాక్సు దించే మాట.

సెన్సార్ తీసే ముందు దాని మీదా హెడ్డు మీదా కలిసేలా ఒక గీత గీయండి. ఒకే ఒక్క 12 మిల్లీమీటర్ల బోల్టు, చేతికి అందని చోట ఉంటుంది, కాస్త ఓపిక పట్టాలి. తలకిందులుగా అమరుతుందేమోనన్న భయం వద్దు, దాని నాలుక పక్కకు జరిగి ఉంటుంది కాబట్టి ఒకే విధంగా కూర్చుంటుంది. తర్వాత స్పార్కు పడే సమయాన్ని టైమింగ్ లైటుతో సరిచూడాలి: డయాగ్నసిస్ పెట్టెలో టీఈఎన్, జీఎన్‌డీ అని రాసిన రెండు రంధ్రాలను తీగతో కలిపి, ఐడిల్‌లో 10 డిగ్రీలు ముందుకు ఉండేలా.

హైదరాబాద్ నుంచి:
కూలెంట్ వాసన గురించి ఎవరూ మాట్లాడలేదు. రేడియేటర్ పై ప్లాస్టిక్ తొట్టి ఏ రంగులో ఉంది?

డాలస్ నుంచి:
గోధుమ రంగు. మొదటి నుంచీ అదే రంగేమో అనుకున్నాను.

డెట్రాయిట్ నుంచి:
మంచి ప్రశ్న వేశారు, నేను మరిచిపోయాను. అది కొత్తప్పుడు నల్లగా ఉంటుంది. గోధుమ రంగుకు వచ్చిందంటే ప్లాస్టిక్ పెళుసైపోయింది, ఏదో ఒక ఎండాకాలం మధ్యాహ్నం పగులుతుంది. డాలస్ ఎండలు వేరే చెప్పాలా? రేడియేటర్ బయటి కంపెనీది చాలు. హోసులన్నీ మార్చండి, ముఖ్యంగా ఇంజన్ వెనక ఉండే హీటర్ హోసులు. హెడ్డు వెనక ఒక రబ్బరు మూత కూడా ఉంటుంది, సెన్సార్ తీసినప్పుడే దాన్నీ తడిమి చూడండి. కూలెంట్ సుమారు 6 లీటర్లు పడుతుంది.

డాలస్ నుంచి (రెండు వారాల తర్వాత):
పని అయింది. చెప్పినట్టే కడిగి చూస్తే సెన్సార్ కింద తడి, దాని కింది నుంచి ధార. వాల్వు కవర్ పొడిగా ఉంది. పాత ఓ-రింగు తీస్తుంటే మూడు ముక్కలైంది. కొత్తది వేశాక పది రోజులుగా నేల పొడిగా ఉంది. క్రాంక్ గాడి చెక్కుచెదరలేదు, కీ బిగుతుగా కూర్చుంది. 85 ఫుట్-పౌండ్లకు బిగించాను. ముందు తెప్పించిన కిట్టులో బేరింగు మీద ఏ పేరూ లేదు, వెనక్కి పంపేసి వేరేది తెప్పించుకున్నాను, దానికే నాలుగు రోజులు పోయాయి.

ఒక్క సందేహం మిగిలింది. పొద్దున స్టార్టు చేయగానే పై నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు, రెండు మూడు నిమిషాల తర్వాత ఆగుతోంది. లిఫ్టర్లు కొనాలా?

డెట్రాయిట్ నుంచి:
ఇప్పుడే వద్దు. వాల్వులను నెట్టే ఈ లిఫ్టర్లు హైడ్రాలిక్‌వి, ఆయిలు నిండేదాకా అలా కొట్టుకుంటాయి. ఆయిలు, ఫిల్టరు మార్చి ఓ ఐదారు వందల మైళ్లు తిరగండి. అప్పటికీ వేడెక్కాక చప్పుడు ఆగకపోతే ఇక్కడే రాయండి.