కారం పొడి బయటి దేశాలకు: ముందు గల్ఫా, అమెరికానా?

తేజ_గుంటూరు: నాన్నగారిది మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. నేను మూడేళ్లుగా హైదరాబాద్, బెంగళూరు షాపులకు కారం ప్యాకెట్లు వేస్తున్నా. ఐఈసీ (ఎగుమతి-దిగుమతి కోడ్), స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ అయ్యాయి. ముందు గల్ఫ్‌కి పోవాలా, నేరుగా అమెరికాకా? ఒక్కో దేశం పెంచుకుంటూ పోయినవాళ్లు చెప్పండి.

కోనసీమ_వాసు: దేశం తర్వాత తమ్ముడూ, ముందు డబ్బు ఎట్లా వస్తుందో చూసుకో. దుబాయ్ పార్టీ నా రెండు కంటైనర్లకు టంచనుగా కట్టాడు, మూడోది 90 రోజుల అప్పు మీద తీసుకుని ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇల్లు తాకట్టులో ఉంది. ఎల్‌సీ (కొనేవాడి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) లేకుండా ఒక్క బస్తా కదపొద్దు.

మసాలా_22ఏళ్లు: కొత్తవాళ్లను భయపెట్టకండి. 22 ఏళ్లుగా పంపిస్తున్నా, సగం సరుకు అప్పు మీదే పోతుంది. కొన్నవాడు ఎగ్గొడితే ఆదుకోవడానికి ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ బీమా ఉందిగా. చిన్న ఆర్డరుకి ఎల్‌సీ అడిగితే వాడు పక్కవాడి దగ్గర కొంటాడు.

కోనసీమ_వాసు: మీకు పరపతి ఉంది సార్, కుర్రాడికేముంది? క్లెయిమ్ కోసం ఎంత తిరగాలో అది కూడా చెప్పండి.

మసాలా_22ఏళ్లు: అప్పు ఇమ్మని నేనెక్కడ అన్నా? చదివి మాట్లాడండి. 30 శాతం అడ్వాన్స్, మిగతాది బీఎల్ (సరుకు ఓడకెక్కినట్టు షిప్పింగ్ కంపెనీ ఇచ్చే పత్రం) కాపీ చూపించాక. ఇది కూడా ఒక పద్ధతే.

ల్యాబ్_లక్ష్మి: మీ గొడవ మీది, సరుకు ఓడ దిగితే కదా డబ్బు! యూరప్‌లో కారంలో అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) బీ1 రకం కిలోకి 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 దాటకూడదు. కల్లంలో తడిసి బూజు పట్టిన కాయను పొడి కొట్టాక ఎవరూ బాగుచేయలేరు. 2003లో మన కారంలో సూడాన్ రంగు (తిండిలో వాడకూడని పారిశ్రామిక ఎరుపు రంగు) దొరికినప్పటి నుంచి ఆ మచ్చ పోలేదు, ఎవరో కలిపినదానికి రైతులంతా పడుతున్నారు. నాకు ఇప్పటికీ కోపమే.

ఫార్మా_శీను: ఒక్కో దేశం పెంచుకుంటూ పోవడం అంటే మందుల కంపెనీ డాక్టర్ రెడ్డీస్‌ని చూడండి. రష్యాలో బ్రాండ్లు నిలబెట్టుకుంది, 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీకెక్కింది, 2006లో జర్మనీ మందుల కంపెనీ బీటాఫార్మ్‌ని 48 కోట్ల యూరోలకు కొంటే అక్కడ బీమా సంస్థల టెండర్లతో రేట్లు పడిపోయి దెబ్బతింది. అంత పెద్ద కంపెనీకే అలా అయింది.

కోనసీమ_వాసు: కారం గురించి అడిగితే మందులేంటండీ?

యార్డు_బాబాయ్: చైనా వాళ్లు తేజ రకం మిర్చి కొంటారు కానీ కాయగానే, ఘాటు కోసం, ఓలియోరెజిన్ (కాయలోని ఘాటు, రంగు ఉన్న చిక్కటి సారం) తీయడానికి. పొడికి అది మార్కెట్ కాదు.

తేజ_గుంటూరు: లక్ష్మిగారూ, మా కాయ కోల్డ్ స్టోరేజీలో ఏడు నెలలుగా ఉంది. బస్తాకో శాంపిల్ తీయాలా, లాట్‌కి (ఒక విడత సరుకు మొత్తానికి) ఒకటి చాలా?