మూడేళ్ల కోసం రూపొందించిన విక్రాంత్ దాదాపు 36 ఏళ్లు ఎలా పనిచేసింది?

ప్రశ్న: తీరవాసి
విశాఖ బీచ్ రోడ్డులోని 'విక్టరీ ఎట్ సీ' స్మారకాన్ని చూసినప్పుడల్లా మన పాత విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్ గుర్తుకొస్తుంది. 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి వచ్చింది దానిని వెతుక్కుంటూనే కదా. ఆ తరగతి నౌకలను 1942లో బ్రిటన్ రూపొందించినప్పుడు, మూడేళ్లో లేక యుద్ధం ముగిసేవరకో పనిచేస్తే చాలనుకున్నారని చదివాను. విక్రాంత్ మాత్రం 1961 మార్చి నుంచి 1997 జనవరి వరకు మన నౌకాదళంలో ఉంది. అలాంటి నౌకలకు అన్నేళ్లపాటు విడిభాగాలు ఎక్కడ దొరికాయి? ఆ మన్నికకు కారణం రూపకల్పనలోనే ఉందా?

జవాబు: పాత నౌకల అభిమాని
రూపకల్పన సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే విడిభాగాల కథ అక్కడే మొదలవుతుంది. యుద్ధనౌకలు కట్టిన అనుభవం లేని యార్డులు కూడా త్వరగా కట్టగలగాలన్న ఉద్దేశంతో, ప్రధాన డెక్ వరకు హల్‌ను (నౌక దేహాన్ని) వాణిజ్య నౌకల ప్రమాణాల ప్రకారం రూపొందించారు, బరువైన కవచాన్ని వదిలేశారు. ఇంజన్లు, బాయిలర్ల విషయంలో క్రూయిజర్లలో వాడుతున్న రకాన్నే తీసుకున్నారు. నాలుగు బాయిలర్లు, సుమారు 40,000 హార్స్‌పవర్, 25 నాట్ల దరిదాపు వేగం. ఇలా 16 నౌకలను మొదలుపెట్టారు: 10 కొలోసస్ తరగతివి, 6 మెజెస్టిక్ తరగతివి. విక్రాంత్ అసలు పేరు హెర్క్యులిస్, మెజెస్టిక్ తరగతి. 1946లో దాని పని సగంలో ఆగిపోవడం నా దృష్టిలో దాని అదృష్టం. ఆవిరి క్యాటపుల్ట్‌ను (డెక్ మీది విమానాన్ని ఆవిరి బలంతో ముందుకు విసిరే యంత్రాన్ని) పరీక్షించింది పెర్సియస్ మీద, ఏటవాలు డెక్ (విమానాలు దిగే దారి నౌక మధ్యరేఖకు కోణంలో ఉండే డెక్) గీతలను 1952లో గీసి చూసింది ట్రయంఫ్ మీద. ఆ రెండూ కొలోసస్ తరగతివే. 1957లో భారత్ కొన్న తరువాత బెల్ఫాస్ట్‌లో పని పూర్తయ్యేటప్పుడు ఆ రెండు మార్పులూ హెర్క్యులిస్‌లో చేరాయి.

జవాబు: ఇంజన్ గది
విడిభాగాల ప్రశ్నకు జవాబు తోబుట్టువుల దగ్గరే ఉంది. ఈ తరగతి నౌకలు ఆస్ట్రేలియా, కెనడా, నెదర్లాండ్స్, ఫ్రాన్స్, బ్రెజిల్, అర్జెంటీనా నౌకాదళాలకు చేరాయి కాబట్టి, ఒకటి సేవ ముగించుకుంటే దాని సామగ్రి మరొకదానికి పనికొచ్చేది. కెనడా వారి బోనావెంచర్ తప్పుకున్నాక దాని క్యాటపుల్ట్ భాగాలతో ఆస్ట్రేలియా వారి మెల్‌బోర్న్ క్యాటపుల్ట్‌ను బాగుచేశారు. నన్ను ఎక్కువగా కదిలించేది లెవయథాన్ కథ. 1945లో జలప్రవేశం చేసినా అది ఎన్నడూ పూర్తికాలేదు. 1968లో డచ్ నౌక కారెల్ డోర్మన్ బాయిలర్ గదిలో మంటలు చెలరేగి తీవ్రనష్టం జరిగినప్పుడు, లెవయథాన్ బాయిలర్లను తీసి దానికి అమర్చారు. ఒక్కసారీ సేవలోకి రాని నౌక బాయిలర్లతో కారెల్ డోర్మన్ 'వెయింటిసింకో దె మాయో'గా అర్జెంటీనాకు వెళ్లింది.

తీరవాసి
ధన్యవాదాలు. అయితే 1971లో విక్రాంత్ బాయిలర్‌కు పగులు వచ్చిందంటారు. దాన్ని మార్చకుండానే యుద్ధానికి ఎందుకు వెళ్లవలసి వచ్చింది?

ఇంజన్ గది
హ్యాంగర్ కింద, నౌక లోతుల్లో ఉండే బాయిలర్‌ను మార్చడం పంపును మార్చినంత సులువు కాదు. అది పెద్ద రిఫిట్‌లో (నౌకను సేవ నుంచి తప్పించి చేసే పూర్తి మరమ్మతులో), నెలల తరబడి చేసే పని. విమానవాహక నౌకలో బాయిలర్ దెబ్బతింటే నష్టం రెండింతలు: క్యాటపుల్ట్‌కు ఆవిరి అందించేవీ ఆ బాయిలర్లే, డెక్ మీద విమానానికి ఎదురుగాలిని పెంచే వేగమూ వాటినుంచే రావాలి. ఆ లోపంతోనే, వేగం తగ్గించుకుని విక్రాంత్ పనిచేసింది. దాని సీ హాక్, అలీజే విమానాలు చిట్టగాంగ్, కాక్స్ బజార్‌లపై దాడులు చేశాయి. ఆ నౌకలోని ఇంజనీరింగ్ సిబ్బంది పేర్లు స్మారకాలపై పెద్దగా కనిపించవు, కానీ ఆ విజయంలో వారి వాటా నాకు చాలా పెద్దదిగా తోస్తుంది.

పాత నౌకల అభిమాని
మరొక్క మాట. తరువాత వచ్చిన సీ హారియర్ యుద్ధవిమానాలకు క్యాటపుల్ట్ అవసరం లేదు కనుక, 1980ల చివర జరిగిన రిఫిట్‌లో దాన్ని తొలగించి స్కీ జంప్ (డెక్ ముందు చివర పైకి వంగిన దారి) కట్టారు. దాంతో నిర్వహణకు అత్యంత కష్టమైన యంత్రం ఒకటి తగ్గింది, కానీ క్యాటపుల్ట్ అవసరమైన అలీజేలు ఒడ్డుకే పరిమితమయ్యాయి. 2022లో చేరిన కొత్త విక్రాంత్‌లో ఆవిరి బాయిలర్లే లేవు. అందులోని నాలుగు ఎల్‌ఎం 2500 గ్యాస్ టర్బైన్ల రకమే మన శివాలిక్ తరగతి ఫ్రిగేట్లలోనూ ఉంది.