న్యుమోనియా తగ్గుతున్న పాపకి మసాజ్ చేయించవచ్చా?

అందరికీ నమస్కారం. మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా పాపకి మూడేళ్లు. న్యుమోనియాతో ఐదు రోజులు ఆసుపత్రిలో ఉండి, మొన్ననే ఇంటికొచ్చాం. జ్వరం లేదు, యాంటీబయాటిక్ సిరప్ ఇంకా వేస్తున్నాం. రాత్రిళ్లు మాత్రం కఫంతో దగ్గు వస్తోంది, నిద్ర పట్టక ఏడుస్తోంది.

మా అత్తయ్యగారు ఊరి నుంచి వచ్చారు. కొబ్బరినూనెలో కర్పూరం కాచి ఛాతీకి, వీపుకి రుద్దుదామంటున్నారు. ఆవిడ ప్రేమ నాకు తెలుసు, మా ఆయన్ని అలాగే పెంచారు. కానీ కర్పూరం పసిపిల్లల ఒంట్లోకి వెళితే ఫిట్స్ కూడా రావచ్చని డాక్టరుగారు గట్టిగా చెప్పారు, అందుకే అది వద్దన్నాను. ఉత్త నూనెతో మెల్లగా రాస్తే పాప కాస్త స్థిమితపడి పడుకుంటోంది. అది చూస్తే నాకూ ప్రాణం కుదుటపడుతోంది.

మసాజ్‌తో న్యుమోనియా తగ్గుతుందని నేను అనుకోవడం లేదు, మందులు ఆపను. పడుకున్నప్పుడు ఊపిరి లెక్కపెడుతున్నాను. ఈ వయసులో నిమిషానికి 40 లేదా అంతకు మించినా, డొక్కలు ఎగరేస్తున్నా వెంటనే తీసుకురమ్మన్నారు.

మీ పిల్లలకి ఇలాంటప్పుడు ఫిజియోథెరపిస్టు చేత వీపు తట్టించడం, మసాజ్ లాంటివి చేయించారా? ఉపయోగపడిందా? తిన్నాక ఎంతసేపు ఆగాలి? వైట్‌ఫీల్డ్ వైపు పిల్లల్ని చూసే, తెలుగు వచ్చిన ఫిజియోథెరపిస్టు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. అత్తయ్యగారు కూడా పక్కనుండి నేర్చుకుంటానంటున్నారు.