నీళ్ళలో కణాల మధ్య ఖాళీ ఎంత? పాప అడిగిన సందేహం

భవానీపురం, విజయవాడ నుంచి ఒక అమ్మ:
అందరికీ నమస్కారమండీ. మా పాప తొమ్మిదో తరగతి. మొన్న యూనిట్ టెస్టులో ఘన, ద్రవ, వాయు స్థితుల్లో కణాల అమరిక గీయమన్నారు. ఘనంలో గోళీలు దగ్గరదగ్గరగా, ద్రవంలో కాస్త ఎడంగా, వాయువులో బాగా ఎడంగా గీసింది. మార్కులన్నీ వేశారు. ఇంటికొచ్చాక పట్టుకుంది: "అమ్మా, నీళ్ళలో అంత ఖాళీ ఉంటే నొక్కితే దగ్గరికి రావాలి కదా! ద్రవాలు నొక్కుకోవని పుస్తకంలో ఎందుకుంది?" ఆ ఖాళీలో గాలి ఉంటుందా అని ఇంకో ప్రశ్న. నేను కామర్స్ చదివానండీ, ఏం చెప్పాలో తోచలేదు. పిల్లకి అర్థమయ్యేలా ఎవరైనా చెప్తారా?

బ్రాడీపేట, గుంటూరు నుంచి రిటైరైన ఫిజిక్స్ మాస్టారు:
అమ్మా, పాప ప్రశ్న సరైంది. బొమ్మే తప్పు. నేను పాఠం చెప్పినన్నాళ్ళూ ప్రతి ఏడూ దిద్దిన తప్పు ఇది. మూడు డబ్బాలు పక్కపక్కన గీస్తే నడిమిది అటూ ఇటూ కాకుండా మధ్యస్థంగా ఉండాలనిపిస్తుంది. కానీ ద్రవంలో కణాలు దాదాపు ఘనంలో లాగే ఒకదాన్నొకటి ఒరుసుకునే ఉంటాయి. తేడా అంతా వరసలోనూ కదలికలోనూ ఉంది.

దసరాల్లో ఇంద్రకీలాద్రి క్యూలైన్ మీరు చూసే ఉంటారు. భుజాలు రాసుకుంటూ ఉంటారు, వేలు దూరే సందుండదు. అయినా జనం జరుగుతూనే ఉంటారు, ఇందాక మన పక్కనున్నవాళ్ళు కాసేపటికి ఎక్కడో ఉంటారు. ద్రవం అలాంటిది. అదే జనం సినిమా హాల్లో కూర్చుంటే అటూ ఇటూ మెసులుతారు గానీ సీటు మారరు. అది ఘనం. ఘనంలో కణాలు కదలవు అని మాత్రం పాపని రాయనివ్వకండి. ఉన్నచోటే కంపిస్తుంటాయి, వేడి చేసేకొద్దీ ఇంకా గట్టిగా.

వాయువుకి పోలిక కంటే లెక్క మేలు. ఇడ్లీ కుక్కర్లో లీటరు నీళ్ళు మరిగి మొత్తం ఆవిరైపోయాయనుకోండి. 100 డిగ్రీల దగ్గర ఆ ఆవిరికి సుమారు 1,600 లీటర్ల చోటు కావాలి. కణాలు అవే, ఒక్కో కణం సైజు కూడా అదే. కణం ఉబ్బదు, కరగదు, మెత్తబడదు. పెరిగింది మధ్య దూరం ఒక్కటే. 12ని మూడుసార్లు వేసి గుణిస్తే 1,728 వస్తుంది. అంటే పొడవు, వెడల్పు, ఎత్తు మూడు వైపులా దూరం 12 రెట్లకి కాస్త తక్కువగా పెరిగిందన్నమాట. నీటి గోళీలు తగులుకుంటూ గీస్తే, ఆవిరి గోళీకి పక్క గోళీ దాదాపు డజను గోళీల అవతల ఉండాలి. నోటుపుస్తకంలో గీసే చిన్న డబ్బాలో ఒకటో రెండో పడతాయి, అంతే.

ఇక ఖాళీలో గాలి ఉండదమ్మా. గాలి కూడా కణాలే కదా. కణానికీ కణానికీ మధ్య ఏమీ ఉండదు. పిల్లలకి ఈ మాట ఒకపట్టాన మింగుడు పడదు, తొందరపెట్టకండి. నీళ్ళు తెర్లేటప్పుడు లేచే పెద్ద బుడగల్లోనూ గాలి ఉందనే అనుకుంటారు. వేడెక్కే మొదట్లో గిన్నె అంచున పట్టే చిన్న బుడగలు నీళ్ళలో కరిగున్న గాలి, నిజమే. కుతకుత మరిగేటప్పటివి మాత్రం నీటి ఆవిరి.

మెడికల్ షాపులో 20 ఎంఎల్ సిరంజి ఒకటి తెండి, సూది వద్దు. గాలి లాగి, మూతికి వేలు అడ్డం పెట్టి పాపనే నొక్కమనండి. తర్వాత నీళ్ళతో చేయించండి.

భవానీపురం అమ్మ:
చేశాం మాస్టారూ. గాలి సగం దాకా దిగింది, వదలగానే పిస్టన్ వెనక్కి తన్నింది. కానీ నీళ్ళు కూడా ఒక గీత దిగాయి. పాప నన్నే నిలదీస్తోంది.

బ్రాడీపేట మాస్టారు:
లోపల గాలి బుడగ మిగిలుంటుందమ్మా. మూతి పైకి పెట్టి, ఇంజెక్షన్ చేసేముందు నర్సులు చేసినట్టు గోటితో తట్టండి. బుడగ పైకొస్తుంది. ఒక చుక్క నీరు చిమ్మేదాకా పిస్టన్ తోసి, అప్పుడు వేలు అడ్డం పెట్టండి.

గుంటూరు మార్కెట్ యార్డు దగ్గర నుంచి ఒక నాన్న:
మాస్టారూ, మధ్యలో వస్తున్నాను. వ్యాపనానికి, అంటే కణాలు వాటంతటవే ఒకదాన్లోకి ఒకటి కలిసి పరుచుకోవడానికి, ఉదాహరణ రాయమంటే మావాడు 'మిర్చి యార్డు ఘాటు మా ఇంటిదాకా రావడం' అని రాశాడు. సరేనా?

బ్రాడీపేట మాస్టారు:
మన ఊరి ఉదాహరణ వెతికాడు, ముచ్చటేసింది. కానీ అది నప్పదు బాబూ. ఘాటుకి కారణమైన కాప్సైసిన్ మామూలు వేడికి తేలిగ్గా ఆవిరయ్యేది కాదు. టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, ఎత్తిదించేటప్పుడు లేచే మిరప దుమ్మే మీ ఇంటిదాకా వచ్చి దగ్గిస్తోంది. దుమ్ము గాలిలో తేలే ఘనం, ఒక్క రేణువులో లెక్కలేనన్ని అణువులుంటాయి. దాన్ని మోసుకొచ్చేది వీచే గాలి. వ్యాపనానికైతే మల్లెపూలు రాయమనండి, లేదంటే వెలిగించని కర్పూరం. ఫ్యాను ఆపి, తలుపులు వేసి, గదికి ఆ మూల ఒక బిళ్ళ పెట్టి ఎన్ని నిమిషాలకి వాసన తగిలిందో చూడమనండి. గాలి అణువులు సెకనుకి 500 మీటర్ల దాకా పరిగెడతాయి, అయినా వాసన చేరడానికి అంతసేపు. అడుగడుగునా ఒకదానికొకటి గుద్దుకుని దారి మారుతుంటాయి మరి.

పటమట నుంచి ట్యూషన్ చెప్పే అక్క:
మాస్టారూ, నీళ్ళ మీద ఐసు తేలుతుంది కదా, అదెలా? ఘనంలోనే కణాలు ఇంకా దగ్గరగా ఉండాలి కదా.

బ్రాడీపేట మాస్టారు:
నీటి తీరు వేరమ్మా. గడ్డకట్టేటప్పుడు ఒక్కో అణువు నలుగురి చెయ్యి పట్టుకుని గూడు కట్టినట్టు నిలబడుతుంది, గూట్లో ఖాళీ మిగులుతుంది. అందుకే ఐసుకి నీళ్ళకంటే సుమారు 9 శాతం ఎక్కువ చోటు కావాలి. నిండా నింపిన గాజు సీసా ఫ్రీజర్లో పగిలేది ఇందుకే, అలా పెట్టనివ్వకండి. మిగతావి చాలామటుకు మీరన్నట్టే. కరిగిన నెయ్యిలో పేరిన నెయ్యి ముక్క వేసి చూడండి.

భవానీపురం అమ్మా, పరీక్షకి ఒక మాట. మూడు డబ్బాల్లోనూ గోళీల సైజు ఒక్కటే ఉండాలి. ద్రవంలో తగులుకుంటూ, వరస తప్పి గీయమనండి. కింద 'ఆకర్షణ బలాలు ఘనంలో కంటే తక్కువ, కణాలు చోటు మారగలవు' అని రాస్తే ఎవరు దిద్దినా మార్కు పోదు.

భవానీపురం అమ్మ:
బుడగ తీశాక నీళ్ళు గీత కూడా దిగలేదండీ, దాని బొటనవేలు ఎర్రబడింది గానీ! నెయ్యి కూడా చూశాం. ముక్క గిన్నె అడుగుకి పోయి అక్కడే కరిగింది. ఇప్పుడు కొబ్బరినూనె ఫ్రిజ్‌లో పెట్టింది, రేపు పొద్దున చూస్తుందట.