రాక్ గార్డెన్ మడికి కంపోస్ట్ వేయాలా, కంకరతోనే వదిలేయాలా?

ఎడిసన్ పెరడు:
న్యూజెర్సీలో మా ఇంటి ముందు రోడ్డు వైపుకి చిన్న ఏటవాలు ఉంది. అక్కడ గడ్డి కోయలేక రెండేళ్ల కిందట మొత్తం తీసేసి, రాళ్లు పేర్చి, క్రీపింగ్ ఫ్లాక్స్, ఆబ్రియేటా, పాస్క్ ఫ్లవర్ పెట్టాం. అన్నీ జానెడు మించని మొక్కలు, ఏటా వసంతంలో పూసేవి. ఎర్ర బంకమట్టి కదా అని ఎనిమిది బస్తాల కంపోస్ట్ కలిపాను. మొదటి ఏప్రిల్‌లో వాకింగ్‌కి వెళ్లేవాళ్లు ఆగి చూసేవాళ్లు. ఈసారి మార్చిలో మంచు కరిగాక చూస్తే ఆబ్రియేటా ఒక్కటి మిగల్లేదు. చేత్తో పట్టుకుంటే గుబురంతా ఊడి వచ్చింది. మొదలు దగ్గర నల్లగా, మెత్తగా, నానిన చింతపండులా ఉంది. పాస్క్ ఫ్లవర్ రెండింట్లో ఒకటి పోయింది. ఫ్లాక్స్ మాత్రం బాగుంది. ఒక ఫ్రెండ్ కంపోస్టే తప్పంటున్నాడు, ఇంకొకాయన కంపోస్ట్ చాలలేదంటున్నారు. మళ్లీ డబ్బు పెట్టేముందు తెలిసినవాళ్లు చెప్పండి.

కంకరమడి:
మీ ఫ్రెండ్ చెప్పిందే కరెక్టండీ. నానిన చింతపండు అన్నారు చూడండి, అది మొదలుకుళ్లు. ఆబ్రియేటా పుట్టిల్లు గ్రీసు, టర్కీ వైపు రాతి కొండలు. పాస్క్ ఫ్లవర్ యూరప్‌లో సున్నపు నేలల పచ్చిక మీద పెరుగుతుంది. అక్కడ వేర్లు లోతుకి పోతాయి, మొదలు పొడిగా ఉంటుంది. ఎత్తైన కొండల మీద మొక్కలైతే చలికాలమంతా మంచు కింద పొడిగా నిద్రపోతాయి. మన దగ్గర జనవరిలో ఒక వారం మంచు, ఇంకో వారం వాన. పగలు కరుగుతుంది, రాత్రి మళ్లీ గడ్డకడుతుంది. ఆ నీళ్లన్నీ కంపోస్ట్ పట్టుకుని మొదలు చుట్టూ నిలబెడుతుంది. ఇక్కడ ప్రాంతాలని చలికాలపు చలిని బట్టి జోన్లుగా విడదీస్తారు, అంకె చిన్నదైతే చలి ఎక్కువ. జోన్ 5 చలి కూడా తట్టుకునే మొక్క మన జోన్ 7లో పోవడానికి ఎక్కువసార్లు కారణం ఈ తడే.

నా మడి కొలత చెప్తాను. సగం పావు అంగుళం కంకర, పావు వంతు ముతక ఇసుక, పావు వంతు అక్కడి మట్టి. కంపోస్ట్ లేదు. నేల మీద అడుగు ఎత్తున గుట్టలా పోశాను. మొక్క మెడ చుట్టూ రెండు అంగుళాల మందాన వట్టి కంకర. చాలామంది కింద కంకర పరిచి పైన మామూలు మట్టి పోస్తారు, దానివల్ల లాభం లేదు. తడి స్పాంజిని గులకరాళ్ల మీద పెడితే దాని నీరు దానిలోనే ఉంటుంది కదా, మట్టీ అంతే. బంకమట్టిలో రెండు బస్తాల ఇసుక కలపడం ఇంకా ప్రమాదం, ఎండాక ఇటుకలా బిగుస్తుంది.

మేరీలాండ్ తోట:
నేను ఒప్పుకోను. 2019లో అచ్చం ఇలాంటి కంకర మడే కట్టాను. చలికాలంలో ఒక్క మొక్కా పోలేదు, జూలైలో పోయాయి. మేం మూడు వారాలు ఇండియా వెళ్లి వచ్చేసరికి ఆకులు పట్టుకుంటే అప్పడంలా నలిగాయి. రాళ్లు సాయంత్రం ఏడింటికి కూడా చెయ్యి పెట్టలేనంత వేడి. మా పక్కింటి పెద్దావిడ ఏటా ఆకులు రాలే కాలంలో ఫ్లాక్స్ మీద పలచగా కంపోస్ట్ చల్లుతుంది. ఏప్రిల్లో ఆవిడ గట్టు మీద ఆకు కనిపించదు, అంతా గులాబీ రంగే. ఎక్కడో యూరప్ కొండల లెక్క ఇక్కడి ఉక్కపోతకి పనికిరాదు.

కంకరమడి:
ఫ్లాక్స్ విషయంలో మీ మాట నిజమే. అది అమెరికా తూర్పు వైపు మొక్క, ఈ వానా ఈ ఎండా దానికి కొత్త కాదు. ఏప్రిల్ పౌర్ణమిని ఇక్కడ పింక్ మూన్ అనేది కూడా ఈ పూల పేరు మీదే. అందుకే ఎడిసన్ గారి మడిలో అదొక్కటీ నిక్షేపంగా ఉంది. కానీ దాన్ని చూసి ఆబ్రియేటాకీ అదే తిండి పెట్టకండి. బలం ఎక్కువైతే ఆకు మెత్తబడి, మధ్యలో గుబురు విడిపోతుంది, పూలు తగ్గుతాయి.

ఎండ సంగతి చెప్పాలంటే, మీరు ఏ నెలలో నాటారు? మేలో పూలతో ఉన్న కుండీ కొని నాటితే వేరు దిగకముందే జూలై వచ్చేస్తుంది. సెప్టెంబర్‌లో నాటండి. రాయికి తూర్పు పక్కన పెట్టండి, మధ్యాహ్నం నీడ రాయే ఇస్తుంది. రాయిని మూడో వంతు పాతిపెడితే దాని కింద చల్లదనం వేరుకి అందుతుంది. పైపైన పేర్చిన రాయి వేడెక్కడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. వీలైతే ఏప్రిల్ చివర్లో బ్రూక్లిన్ బొటానిక్ గార్డెన్‌కి వెళ్లండి. 1917లో, పూర్వం హిమానీనదాలు వదిలివెళ్లిన బండలతో కట్టిన రాక్ గార్డెన్ అక్కడ ఉంది.

మేరీలాండ్ తోట:
మేలోనే నాటాను. అది నా పొరపాటే అనుకుందాం. అయినా మొదటి ఏడు ఎండల్లో నీళ్లు పోసే మనిషి లేని ఇంటికి వట్టి కంకర సలహా ఇవ్వకూడదనే నా మాట. పది శాతమైనా ఆకు ఎరువు కలపమంటాను.

రాళ్లూ పూలూ:
ఎవరూ ల్యాండ్‌స్కేప్ ఫ్యాబ్రిక్ మాటే ఎత్తలేదు. కంకర కింద ఆ గుడ్డ పరవకపోతే కలుపు తీయలేక నడుం పడిపోతుంది.

మేరీలాండ్ తోట:
దయచేసి ఆ పని చేయకండి. ఫ్లాక్స్ పాకుతూ కణుపుల దగ్గర వేరు దించుకుంటుంది. గుడ్డ ఉంటే ఆ వేరు ఎక్కడికి పోతుంది? రెండేళ్లకి కంకర సందుల్లో దుమ్ము చేరి కలుపు గుడ్డ పైనే మొలుస్తుంది. దాని వేర్లు గుడ్డలో అల్లుకుంటే పీకడం ఇంకా నరకం. ఈ ఒక్క విషయంలో నేనూ కంకరమడి గారూ ఒకే వైపు ఉంటామనుకుంటా.

కూకట్‌పల్లి మేడ:
హైదరాబాద్‌లో డాబా మీద తొట్టిలో ఈ ఫ్లాక్స్ పెంచొచ్చా? ఫొటోలు చూస్తే ప్రాణం లేచివస్తోంది.

కంకరమడి:
వద్దండీ, నిరాశ పడతారు. వీటికి మొగ్గ కట్టాలంటే వారాల తరబడి గట్టి చలి పడాలి. మీకు టేబుల్ రోజ్ ఉంది కదా, అదే కంకర మిశ్రమంలో వేయండి, రాళ్ల మీంచి చక్కగా జారుతుంది.

ఎడిసన్ పెరడు:
అందరికీ థాంక్సండీ. శనివారం పని మొదలుపెట్టాం. కింది భాగంలో ఫ్లాక్స్‌ని అలాగే ఉంచేశాం. పూలయ్యాక మూడో వంతు కత్తిరిస్తాను. పై భాగంలో కంపోస్ట్ మట్టి తోడేసి కంకర గుట్ట పోశాం, రెండు పార ఆకు ఎరువు కూడా కలిపాను. తర్వాత రెండు చోట్లా చిన్న గుంట తీసి చెరో బకెట్ నీళ్లు పోశాం. కంకరలో పోస్తుండగానే ఇంకిపోయాయి. పాత మట్టిలో టీ తాగి వచ్చేసరికి ఇంకా సగం గుంట నీళ్లున్నాయి.

బతికిన పాస్క్ ఫ్లవర్‌ని కదిలించలేదు, దాని వేరు లోతుగా ఉంటుంది, తవ్వితే తట్టుకోదు. మొదలు చుట్టూ కంపోస్ట్ చేత్తో తీసి కంకర నింపాను. నిన్న పొద్దున ఒక మొగ్గ బయటికొచ్చింది, ఒళ్లంతా తెల్లటి నూగు, అప్పుడే గుడ్డులోంచి వచ్చి ఆరిన కోడిపిల్లలా. ఆబ్రియేటా మాత్రం సెప్టెంబర్‌లోనే నాటతాను. జూన్‌లో మేమూ ఇండియా వెళ్తున్నాం.